పెన్సిలిన్ స్వరూపము తేలిన విధము

ఒక మందు రోగమును కుదుర్చుచున్నదని తెలియుట వేరు. ఆ మందు స్వరూపమెట్టిదో తెలియుట వేరు. 1928లో లండనులో అలెగ్జాండర్ ఫ్లెమింగు బూజునందు పెన్సిలిన్ జాడను కనిపెట్టెను. 1940లో ఆక్స్‌ఫర్డునందు ఫ్లోరీ, చెయిను మొదలగువారు దాని మహిమను ఎలుకలపై నిరూపించిరి. రెండవ ప్రపంచయుద్ధములో అది క్షతగాత్రుల ప్రాణములను కాపాడెను. అయినను దాని అణువులో పరమాణువులు ఏ క్రమమున కూర్చబడియున్నవో నిశ్చయముగా తెలియదు. అది తెలియనిదే మందును మెరుగుపరచుటకు సరియైన దారి లేదు.

ఈ విషయమున రసాయనజ్ఞులు రెండు పక్షములైరి. ఆ కాలపు రసాయనజ్ఞులలో అగ్రగణ్యుడైన రాబర్టు రాబిన్సను, ఐదేసి పరమాణువుల వలయములు రెండు ఒకే బంధముతో అతుకుకొనియున్నవని తలచెను. అబ్రహాము, చెయినులు మూడు కర్బన పరమాణువులు, ఒక నత్రజని పరమాణువు చేరిన నాలుగు మూలల వలయము కలదనిరి. దీనికే బీటా లాక్టము అని పేరు. అంత ఇరుకైన వలయము నిలుచునా యని పలువురు సందేహించిరి.

అణువును మామూలు సూక్ష్మదర్శినితో చూడజాలము. కావున కిరణములే సాక్ష్యము పలుకవలసివచ్చెను. డొరొతీ హాడ్జ్‌కిన్, బార్బరా లో అను విదుషీమణులు పెన్సిలిన్ లవణముల స్ఫటికములగుండ ఎక్స్ కిరణములను పంపిరి. ఫిల్ముపై చుక్కలు పడెను. ఆ చుక్కల తీవ్రతలను కొలిచి, ఎలక్ట్రానులు ఎచ్చట దట్టముగా నున్నవో లెక్కకట్టవలెను. ఆ లెక్కలు చేతితో చేసిన తరుగునవి కావు. రంధ్రముల కార్డులతో నడచు యంత్రమును సాయము తీసికొనిరి. 1945లో చిత్రము స్పష్టమైనది: నాలుగు మూలల వలయమే నిజము! పరారుణ వర్ణపటమును దీనికి అనుకూలమే. సామాన్యమైన అమైడులు సెంటీమీటరుకు సుమారు 1650 తరంగముల వద్ద కిరణములను పీల్చుకొనగా, పెన్సిలిన్ వలయము సుమారు 1770 వద్ద పీల్చుకొనును. బిగువున నున్న వలయమునకు అది గుర్తు.

ఇందలి విశేషమేమనగా, ఏది బలహీనత యని శంకించిరో అదియే మందునకు బలము. వంచిన వింటివలె బిగిసియున్న ఆ వలయము, సూక్ష్మజీవి తన గోడను కట్టుకొను ఎంజైమును తాకగానే తెరచుకొని దానికి అంటుకొనును. గోడ సడలి సూక్ష్మజీవి నశించును. ఈ కీలకము తెలిసినపిమ్మట వలయమును ఉంచి ప్రక్క భాగములను మాత్రము మార్చి కొత్త మందులు చేసిరి. 1961లో వాడుకకు వచ్చిన ఆంపిసిలిన్ అట్టిదే. హాడ్జ్‌కిన్‌కు 1964లో నోబెల్ బహుమానము లభించెను.

నేడు కంప్యూటరు ఇంకను తయారుకాని అణువు రూపమును, దాని వర్ణపటమును కూడ ముందుగా గణించి చెప్పగలదు. తయారైనపిమ్మట పరారుణ వర్ణపటముతోను, 1928లోనే రామన్ కనుగొన్న కాంతిఫలితముతోను ఆ లెక్కను సరిచూతురు. రెండును ఏకీభవించినచో రూపము తేలినట్లే. గుణము తేలుటకు మాత్రము జీవులపై పరీక్ష తప్పదు.

ఈ లెక్కలన్నియు దేనికని తరగతిలో అడుగు విద్యార్థికి ఉపాధ్యాయుడు చెప్పదగిన సమాధానములలో పెన్సిలిన్ కథ యొకటి. ఎంతటి పెద్దవాని అభిప్రాయమైనను సాక్ష్యమునకు లోబడవలసినదే యను నీతియు అందే కలదు.