చేపలకు ముందు బాక్టీరియాలు

గంపలగూడెం ప్రాంతపు కట్టలేరు వాగులో చేపలు విసర్జించే అమోనియాను, ఇసుకనూ రాళ్ళనూ అంటిపెట్టుకొన్న బాక్టీరియాలు మార్చివేస్తాయి. పాఠశాలలో కొత్తగా అమర్చిన గాజుతొట్టిలో ఇవి తగినన్ని ఉండవు. అందుచేత నీరు తేటగా కనిపించినా, వెంటనే వదలిన చేపలు కొద్దిరోజులలోనే చనిపోవచ్చు.

ఈ బాక్టీరియాలలో ఒక తెగ అమోనియాను నైట్రైటుగాను, మరొక తెగ నైట్రైటును నైట్రేటుగాను మారుస్తుంది. మొదటి రెండూ చేపలకు విషాలు. మితంగా ఉన్న నైట్రేటు అంత హాని చేయదు. రష్యా శాస్త్రజ్ఞుడు వినోగ్రాడ్‌స్కీ 1890 ప్రాంతంలో ఈ బాక్టీరియాలను వేరుచేసి చూపాడు.

కనుక తొట్టిని క్లోరిన్ లేని నీటితో నింపి, గాలిపంపు నడుపుతూ, రోజూ చిటికెడు చేపమేత వేయవలెను. అది కుళ్ళగా పుట్టిన అమోనియాయే బాక్టీరియాలకు ఆహారం. సాధారణంగా 4 నుండి 6 వారాలలో అమోనియా, నైట్రైటు రెండూ సున్నాకు దిగుతాయి. పరీక్షించి ఈ సంగతి రూఢి చేసుకొన్న పిమ్మట, కొంత నీరు మార్చి, మొదట ఒకటి రెండు చేపలనే వదలవలెను.