మోచేతిని బలవంతముగా వంచరాదు

విరిగిన మోచేతికి శస్త్రచికిత్స జరిగి, ఎక్స్‌రేలో పలకయు మరలును చక్కగా అమరినట్లు కనుపించినంతనే గండము గడచినదని ఇంటిల్లిపాదియు ఊరటచెందుదురు. కాని ఆ చేయి తిరిగి అన్నపుముద్దను నోటికందించునా యను సంగతి చాలవరకు తరువాతి వారములలోనే తేలును.

మన కీళ్లలో మిక్కిలి త్వరగా బిగుసుకొనునది మోచేయి. భుజాస్థి, రత్ని, అరత్ని యను మూడెముకలు ఒకే పొరసంచిలో ఇమిడియుండుటచేత, దెబ్బతగిలిన పిమ్మట ఆ పొర వాచి, దళసరియై, ముడుచుకొనిపోవును. నిత్యకృత్యములకు కీలు పూర్తిగా చాపబడ నక్కరలేదు. 30 డిగ్రీలు మొదలు 130 డిగ్రీల వరకు వంగిన చాలునని 1981లో మోరీ ప్రభృతులైన అమెరికను వైద్యులు కొలిచి చూపిరి. ఎముకలు గట్టిగా బిగిసినవని శస్త్రవైద్యునకు నమ్మకము కలిగినచో, కొలది దినములలోనే ఫిజియోథెరపీ ఆరంభింపజేయుట ఆ మేర దక్కించుకొనుటకే. పెద్దవారి మోచేతిని మూడు వారములకు మించి కదల్పకుంచినచో బిగువు స్థిరపడు ప్రమాదము హెచ్చు.

అయితే కదల్పవలసినది రోగియే. బల్లపై తువాలు పరచి, ముంజేతిని దానిపై ఆనించి, మెల్లగా ముందునకు జరిపి, మరల తనవైపునకు లాగుకొనుచు, అవసరమైనచో రెండవచేతిని మణికట్టు క్రింద ఆసరాగా నుంచి, నొప్పి హెచ్చినచోట ఆగవలెను. మన యిండ్లలో వేడినూనె రాచి, “కాస్త ఓర్చుకో నాయనా” యనుచు చేయిపట్టి లాగు ఆప్తులు కలరు. వారి ప్రేమ శంకింపదగినది కాదు గాని, ఆ పని మిక్కిలి ప్రమాదకరము. కీలునకు సరిగా ముందున్న కండ అప్పటికే నలిగియుండును. లాగుటయు మర్దించుటయు దానిని మరల గాయపరుప, ఆ కండలోనే క్రొత్త ఎముక పుట్టి కీలునకు అడ్డుపడవచ్చును. వైద్యులు దీనిని మయోసైటిస్ ఆసిఫికాన్స్ అందురు. దానిని తొలగించుటకు నెలలు వేచి మరియొక శస్త్రచికిత్సకు లోబడవలసివచ్చును.

చిటికెనవ్రేలు, ఉంగరపువ్రేలు తిమ్మిరెక్కిన, మోచేతి లోపలివైపున సాగు నాడి నొక్కుకొనుచున్నదేమో చూపించుకొనవలెను. అంతకన్న తొందరపడవలసిన దొకటి కలదు: మందునకు లొంగక నిమిషనిమిషము హెచ్చు నొప్పి, వ్రేళ్లు చాపగనే ప్రాణము పోవునట్టి బాధ. బిగువుకట్టుచే రక్తమందక కండలు చచ్చి చేయి శాశ్వతముగా కొంకరపోవుటను జర్మను వైద్యుడు వోల్క్‌మన్ 1881లోనే వర్ణించెను. అట్టివేళ తెల్లవారువరకు ఆగక, ఆ రాత్రియే ఆసుపత్రికి పోయి తీరవలెను.

పిల్లల విషయము వేరు. మోచేతికి కొంచెము పైన విరిగి కట్టు విప్పిన బిడ్డకు సాధారణముగా ఆటయే చాలినంత వ్యాయామము. కొన్ని నెలలలో చేయి దానంతటదే సాగును గనుక, ఆ బిడ్డను ఏడిపించి చేయి వంపవలసిన పని ఎవరికిని లేదు.