మీకు తెలుసా? బొచ్చు ఉండలతో పడ్డ పాట్లు
‘స్టార్ ట్రెక్’ ధారావాహికలో ‘ద ట్రబుల్ విత్ ట్రిబుల్స్’ ఎపిసోడ్ 1967 డిసెంబరు 29న అమెరికాలో ప్రసారమైంది. అందులో అంతరిక్ష నౌకను ముంచెత్తే ట్రిబుల్స్ అనే జీవులు నిజానికి ఫోమ్ కూరి కుట్టిన కృత్రిమ బొచ్చు ఉండలు. వా చాంగ్ రూపకల్పనతో దాదాపు 500 తయారుచేశారు. ఊపిరి పీలుస్తున్నట్టు కనిపించాల్సిన వాటిలో బెలూన్లు పెట్టారు. పాకేవాటిలో బ్యాటరీ బొమ్మల యంత్రాలు అమర్చారు. వాటి రొదలో నటుల మాటలు కలిసిపోవడంతో ఆ డైలాగులకు మళ్లీ డబ్బింగ్ తప్పలేదు. ధాన్యపు గది దృశ్యం మరీ తమాషా. కెప్టెన్ కిర్క్‌ మీద ట్రిబుల్స్ గుట్టగా కూలాక కూడా ఒక్కొక్కటీ వచ్చి నెత్తిన పడుతూనే ఉంటుంది. కెమెరాకు చిక్కకుండా వాటిని విసిరే సిబ్బందికి ఎక్కడ ఆపాలో తెలియకపోవడమే అందుకు కారణం.