గాలి తోసినా పక్షి ఎందుకు బోల్తా పడదు?

కెనడాలోని సస్కటూన్‌లో నది ఆనకట్ట దగ్గరికి వసంతంలో తెల్ల పెలికాన్లు వస్తాయి. మన కొల్లేరులోని ఆటపాక గూడబాతులదీ అదే కుటుంబం. ఈ తెల్ల పెలికాన్లు సుమారు తొమ్మిది అడుగుల రెక్కలు చాచి, ఆడించకుండానే గాలిలో తేలుతుంటాయి. మైదానపు ఈదురుగాలికి అంత పెద్ద పక్షి తలకిందులు కాదెందుకు?

గాలి విసురుకు పక్షి ముక్కు పైకి లేచిందనుకుందాం. రెక్కలకు తగిలే గాలి కోణం మారి, పక్షిని పైకెత్తే బలం (లిఫ్ట్) పెరుగుతుంది. పెరిగిన లిఫ్ట్ గరిమనాభికి వెనక పనిచేస్తే ముక్కు దానంతటదే దిగుతుంది. దాన్నే స్థిరత్వం అంటాం. ముందు పనిచేస్తే ముక్కు ఇంకా లేస్తుంది, అప్పుడు పక్షి క్షణక్షణం సర్దుకోవాల్సిందే. అంటే రెక్కా తోకా ఏ ఆకారంలో ఉన్నాయో తెలియకుండా ఈ లెక్క తేలదు.

మరి ఎగిరే పక్షిని కొలవడమెలా? చచ్చిన పక్షి రెక్క చాపి కొలిస్తే చాలదు. గాలి ఒత్తిడికి ఈకలు వంగి, మెలితిరిగి ఆకారమే మారిపోతుంది. అందుకే బ్రిటన్‌లోని రాయల్ వెటర్నరీ కాలేజీ, బ్రిస్టల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మచ్చికైన గుడ్లగూబను హాల్లో ఎగరనిచ్చి, చుట్టూ పెట్టిన హైస్పీడ్ కెమెరాలతో ఒకే క్షణంలో ఫొటోలు తీశారు. ఈకల మీది మచ్చలే కొలతకు గుర్తులు. ఒక మచ్చ వేర్వేరు ఫొటోల్లో ఎక్కడ పడిందో పోల్చితే గాలిలో దాని చోటు తెలుస్తుంది. అలాంటి బిందువులన్నీ కలిపితే పక్షి ఒళ్లంతా కంప్యూటర్‌లో రూపుకడుతుంది. రెక్క ఎక్కడ ఎంత వంగిందో, ఎంత మెలితిరిగిందో అందులో కొలుచుకోవచ్చు.

ఈ పరిశోధకులదే 2020లో వెలువడిన అధ్యయనంలో లిలీ అనే గుడ్లగూబను కింది నుంచి ఫ్యాన్లు గాలి కొడుతుండగా వాటి మీదుగా ఎగరనిచ్చారు. రెక్కలు భుజం దగ్గర పైకి లేచాయి, తలా మొండెం మాత్రం పెద్దగా కదల్లేదు. మెదడు స్పందించేలోపే రెక్కలు ఆ విసురును మింగేశాయి. నాకు అన్నిటికన్నా అబ్బురంగా తోచేది ఇదే.

తొలి పక్షులు పొడవు తోకతో స్థిరంగా ఎగిరేవనీ, తర్వాతివి స్థిరత్వం వదులుకుని నాడుల చురుకు మీద ఆధారపడ్డాయనీ జీవశాస్త్రవేత్త జాన్ మేనార్డ్ స్మిత్ 1952లో వాదించారు. ఆయన అంతకుముందు విమాన ఇంజినీరు. అయితే వాంకూవర్‌లో సీగల్ రెక్కల మీద పనిచేసిన క్రిస్టీనా హార్వీ బృందం 2022లో 22 జాతులను పరిశీలించింది. వాటిలో 17 జాతులు మోచేయి, మణికట్టు కదిపి స్థిరంగానూ అస్థిరంగానూ మారగలవని తేలింది. అస్థిరత లోపం కాదు, చటుక్కున మలుపు తిరగడానికి అదే సాయం. ఎఫ్-16 యుద్ధవిమానాన్నీ కావాలనే కొంత అస్థిరంగా రూపొందించారు.

మీ ఫోన్‌లో స్లోమోషన్ ఉంటే ఎగిరే గద్దను ఒకసారి వీడియో తీయండి. మలుపు తిరిగేటప్పుడు అది మోచేయి, మణికట్టు ఎలా మడుస్తుందో గమనించండి.