పేరు బ్రాందీ.. పుట్టుక చెరకు మడ్డి

విజయవాడ: బందరు రోడ్డు నుంచి బంటుమిల్లి దాకా ఏ కూడలిలో చూసినా మద్యం దుకాణం నెత్తిన ‘వైన్స్’ అనే బోర్డే దర్శనమిస్తుంది. లోపల అమ్ముడయ్యే సరుకులో ద్రాక్షతో చేసిన వైను వాటా అతి స్వల్పం. వచ్చినవారు అడిగేది బ్రాందీ, విస్కీ, బీరు. వాటిలోనూ పేరుకు, పుట్టుకకు పొంతన అంతంతమాత్రమే. ఈ సంగతి తెలియకనే జలుబుకు బ్రాందీ, ఎండకు బీరు అంటూ పలువురు మద్యాన్ని ఔషధంగా లెక్కిస్తున్నారు. తెలుగులో రెంటికీ ‘మందు’ అన్న ఒకే మాట వాడుకలో ఉండటమూ ఈ భ్రమకు తోడైందేమో! అసలు సీసాలో ఏముంటుంది?

పులిస్తే కల్లు, బీరు

తీపి ఉన్న ద్రవాన్ని ఈస్ట్ అనే సూక్ష్మజీవి పులియబెడుతుంది. అందులోని చక్కెర ఇథైల్ ఆల్కహాల్‌గా, బొగ్గుపులుసు వాయువుగా మారుతుంది. మత్తు కలిగించే పదార్థం ఈ ఆల్కహాలే. దాని పాలు సుమారు 15 శాతానికి చేరేసరికి ఈస్ట్ తానే నశిస్తుంది. అందుచేత కేవలం పులియబెట్టి చేసే పానీయాలకు ఘాటు పరిమితమే. బార్లీ గింజలను మొలకెత్తించి చేసేది బీరు. ద్రాక్షరసంతో చేసేది వైను.

డెల్టా వాసులకు తెలిసిన పులిసిన పానీయం కల్లు. గీత కార్మికుడు మోకు సాయంతో చెట్టెక్కి, తాటి గెల కొసను చెక్కి లొట్టి కడతాడు. పోతుతాడు నుంచి, పండుతాడు నుంచి కూడా కల్లు తీస్తారు. ఈతకల్లు శీతకాలంలో, తాటికల్లు వేసవి వైపు ఎక్కువగా దొరుకుతాయి. లొట్టి లోపల సున్నం పూస్తే రసం పులియదు. మత్తు లేని ఆ తీయని రసమే నీరా. సున్నం లేకుంటే చెట్టు మీదనే పులవడం మొదలై, పొద్దెక్కేకొద్దీ తీపి తగ్గి పులుపు, మత్తు పెరుగుతాయి. తెల్లవారుజామున దించిన కల్లు, సాయంత్రం దుకాణంలో పోసే కల్లు ఒకటి కావన్నమాట. సాధారణంగా కల్లులో ఆల్కహాల్ 5 శాతం అటూఇటూ ఉంటుంది.

చెట్లు తక్కువై, గిరాకీ ఎక్కువైన చోట కల్తీ చేరుతుంది. నీళ్లలో చక్కెర, శాకరిన్‌తో పాటు క్లోరల్ హైడ్రేట్, డైజెపాం, ఆల్ప్రాజోలం వంటి మత్తుమందులు కలుపుతారు. 2025 జులైలో హైదరాబాద్‌ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు మరణించారు. అలవాటు పడినవారు ఉన్నట్టుండి మానేసినా మూర్ఛలు, మతిభ్రమ కలిగించడం ఈ మందుల స్వభావం.

కాస్తే సారా, విస్కీ

నీరు 100 డిగ్రీల సెల్సియస్ వద్ద, ఆల్కహాల్ 78 డిగ్రీల వద్ద మరుగుతాయి. పులిసిన ద్రవాన్ని కాచి, ముందుగా లేచిన ఆవిరిని చల్లబరిస్తే ఘాటైన స్పిరిట్ చేతికొస్తుంది. లంకల్లో బెల్లం ఊట కాచే నాటుసారా బట్టీకి, స్కాట్లాండ్‌లోని విస్కీ కర్మాగారానికి మూలసూత్రం ఇదే. ప్రమాణాలు, తనిఖీ, శుభ్రతల్లోనే తేడా అంతా.

స్కాచ్ విస్కీని ధాన్యం నుంచి తీసి కనీసం మూడేళ్లు కొయ్య పీపాల్లో నిల్వ చేస్తారు. వైనును కాచితే బ్రాందీ, చెరకు నుంచి తీస్తే రమ్ము. మన దుకాణాల్లోని చౌకరకాల కథ వేరు. చక్కెర మిల్లులో చెరకు రసం నుంచి పంచదార తీయగా మిగిలే నల్లని మడ్డి మొలాసిస్. ఉయ్యూరు పరిసరాలవారికి దాని వాసన చెప్పనవసరం లేదు. మొలాసిస్ నుంచి గానీ, నూకల వంటి ధాన్యం నుంచి గానీ శుద్ధమైన స్పిరిట్ తీసి, నీరు, రంగు, పరిమళం కలిపితే బ్రాందీ అవుతుంది. పరిమళం మారిస్తే విస్కీ. మొలాసిస్ స్పిరిట్‌తో చేసిన సరుకును విస్కీ పేరిట అమ్మడాన్ని ఐరోపా సమాజం అంగీకరించదు. జలుబుకు విస్కీ పనికిరాదు, బ్రాందీయే మేలు అనే వాదన ఎంతవరకు నిలుస్తుందో దీన్నిబట్టే తెలుస్తుంది. తాగగానే ఒళ్లు వెచ్చబడినట్లు అనిపించడం చర్మంలోని రక్తనాళాలు విప్పారడం వల్లనే. నిజానికి ఒంట్లోని వేడి బయటకు పోతుంది. బీరు చలువ చేస్తుందన్న మాటా అంతే. మూత్రం అధికమై, వేసవిలో శరీరం మరింత నీటిని కోల్పోతుంది.

సారా అనే మాటతో మరో తికమక ఉంది. 1980 దశకంలో ‘వారుణి వాహిని’ పేరిట ప్రభుత్వమే ప్యాకెట్లలో సారా అమ్మించింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు రగిల్చిన ఉద్యమం రాష్ట్రమంతా వ్యాపించి, 1993 అక్టోబరు 1 నుంచి సారాపై నిషేధం అమలులోకి వచ్చింది. 1995 జనవరిలో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997లో సడలినా, సారాపై నిషేధం తొలగలేదు. కాబట్టి నేడు సారా పేరుతో అమ్మేది ఏదైనా అక్రమమే.

లెక్క చూస్తే..

బ్రాందీ, విస్కీ, రమ్ము సీసాలపై 42.8 శాతం అని ఉంటుంది. 180 మి.లీ. క్వార్టర్‌లో శుద్ధ ఆల్కహాల్ సుమారు 77 మి.లీ. అన్నమాట. 8 శాతం ఘాటున్న 650 మి.లీ. స్ట్రాంగ్ బీరులో అది 52 మి.లీ. ‘బీరే కదా’ అనుకుంటూ రెండు సీసాలు ఖాళీ చేసిన యువకుడు క్వార్టర్ తాగినవాని కంటే ఎక్కువే పుచ్చుకున్నట్టు. కాలేయం గంటకు సుమారు 10 మి.లీ. మాత్రమే హరించగలదు. క్వార్టర్ అరగడానికి ఏడెనిమిది గంటలు పడుతుంది. మజ్జిగ, నిమ్మరసం, తలస్నానం ఈ గడువును తగ్గించలేవు. అర్ధరాత్రి తాగి తెల్లవారగానే బండి తీసేవారు గమనించాల్సిన విషయమిది. 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. మించి ఆల్కహాల్ ఉంటే తొలిసారికే రూ.10 వేల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు.

కంటికి కనపడని విషం

రంగు, వాసన, రుచి చూసి గుర్తించలేనిది మిథైల్ ఆల్కహాల్. పరిశ్రమల్లో వాడే ఈ ద్రవం చౌకగా దొరుకుతుంది కనుక అక్రమార్కులు మద్యంలో కలుపుతారు. కాలేయం దీన్ని ఫార్మిక్ ఆమ్లంగా మారుస్తుంది. అది కంటి నరాన్ని దెబ్బతీసి, ప్రాణాలు తీస్తుంది. 2024 జూన్‌లో తమిళనాడులోని కళ్లకురిచ్చిలో 60 మందికి పైగా మరణించింది దీనివల్లనే. 2022 మార్చిలో జంగారెడ్డిగూడెంలో సంభవించిన వరుస మరణాలకు నాటుసారాయే కారణమని నాటి ప్రతిపక్షం, కాదని నాటి ప్రభుత్వం వాదులాడుకున్నాయి.

దుకాణంలో కొన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండే పరిస్థితి కూడా లేదు. 2025 అక్టోబరులో అన్నమయ్య జిల్లా ములకలచెరువులోను, అనంతరం విజయవాడ చెంతనే ఉన్న ఇబ్రహీంపట్నంలోను నకిలీ మద్యం గుట్టు రట్టయింది. ఆపై సీసా మీది కోడ్‌ను సెల్‌ఫోన్‌తో తనిఖీ చేసుకునేందుకు ప్రభుత్వం ‘ఎక్సైజ్ సురక్ష’ యాప్‌ను తెచ్చింది.

మిథైల్ ఆల్కహాల్ లక్షణాలు వెంటనే బయటపడవు. 12 నుంచి 24 గంటలు, మామూలు మద్యంతో కలిసి ఉంటే మరింత ఆలస్యం కావచ్చు. తలనొప్పి, వాంతులు, కడుపునొప్పి చూసి ‘నిన్నటిది దిగలేదు’ అని ఇంట్లోనే పడుకోబెట్టడంతో విలువైన సమయం గడిచిపోతుంది. చూపు మసకబారినా, కళ్ల ముందు మంచు కమ్మినట్లున్నా, ఆయాసం వచ్చినా ఆలస్యం చేయక 108కి ఫోన్ చేయాలి. విరుగుడు మందు, డయాలసిస్ ఉన్న ఆసుపత్రికి సకాలంలో చేరిస్తే ప్రాణం, చూపు దక్కే అవకాశం ఉంటుంది. మిగిలిన సరుకును పారబోయకుండా సీసాతో సహా వైద్యులకు అందజేయాలి. అదే సీసాలోది పంచుకున్నవారు బాగానే కనిపిస్తున్నా వారిని కూడా వెంట తీసుకువెళ్లాలి.