పక్కవాద్యం వాయించే పెట్టె

ధనుర్మాసంలో నెల్లూరు తీరగ్రామాలలో, మైపాడు వైపుననో కృష్ణపట్నం వైపుననో, రాత్రివేళ ఒక రామాలయంలో హరికథ జరుగుతున్నదనుకొందాం. కథ సగానికి వచ్చినది. దాసుగారు ఒక పిట్టకథ ఎత్తుకొన్నారు. ఆ సందులో మృదంగం వాయించే ఆయన వాద్యాన్ని తన వైపు తిప్పుకొని, ఒక చిన్న రాయితో, కర్రముక్కతో దాని అంచు చుట్టూ మెల్లగా కొట్టుకొంటూ, మధ్యమధ్య వేలితో మూతను మీటి వింటూ ఉంటాడు. ముందు వరుసలో కూర్చున్న పిల్లలకు అది వేడుక. నిజానికి ఆయన ఆ సమయంలో సముద్రపు గాలితో పోరాడుతున్నాడు.

మృదంగపు మూత తోలు. తోలుకు గాలిలోని తేమను పీల్చుకొనే గుణమున్నది. తేమ పట్టిన తోలు కొంచెం సాగుతుంది, కొంచెం బరువెక్కుతుంది. బిగించిన పొర ఇచ్చే ధ్వని పౌనఃపున్యం, అనగా సెకనుకు అది చేసే కంపనాల సంఖ్య, ఆ బిగువు వర్గమూలాన్ని బట్టి మారుతుంది. బిగువు నూటికి పదివంతులు తగ్గినదనుకొంటే, 0.9 వర్గమూలం సుమారు 0.95, కాబట్టి పౌనఃపున్యం నూటికి అయిదువంతులు పడిపోవును. ఒక స్వరస్థానానికీ దాని పక్క స్వరస్థానానికీ మధ్యనున్న తేడా నూటికి ఆరువంతులకు కొంచెం తక్కువ. అనగా సాయంకాలం దాసుగారి షడ్జానికి కలిపి పెట్టిన మృదంగం, అర్ధరాత్రికి దాదాపు ఒక స్వరస్థానం కిందికి జారిపోవచ్చునన్నమాట. అంచును కొట్టడం ఆ పోయిన బిగువును తిరిగి తెచ్చుకొనేందుకే.

ఇటీవలి కాలంలో ఇటువంటి వేదికలమీద మరొక వస్తువు కనబడుతున్నది. అది పుస్తకమంత పెట్టె. మీట నొక్కితే తంబుర వలె మ్రోగుతుంది. ఇంకొక మీట నొక్కితే ఆదితాళం వాయిస్తుంది. దానికి తేమ లెక్కలేదు. పట్టణాలలో గిటారు నేర్చుకొనే కుర్రవాళ్ల పాదాల దగ్గర దీని తమ్ముడు వంటి పెట్టె ఒకటి ఉంటున్నది. గిటారు నాలుగు వరుసలు వాయించి, పాదంతో నొక్కితే చాలు, వెనుక డ్రమ్ములూ మంద్రస్వరాల గిటారూ వాటంతట అవే అందుకొంటాయి. ఒంటరిగా వాయించుకొనేవానికి ఒక మేళమే తోడు వచ్చినట్లుంటుంది. ఈ పెట్టెలు ఎట్లు పనిచేస్తున్నవో, ఎక్కడ పనిచేయలేకపోతున్నవో తెలుసుకోవడం మన ఉద్దేశం.

పక్కవాద్యం చేసే పనులు మూడు. శ్రుతి నిలబెట్టడం ఒకటి, కాలం నిలబెట్టడం రెండవది. మూడవది ఎదుటివాడు ఏమి చేస్తున్నాడో విని, దానికి తగినట్లు నడుచుకోవడం. యంత్రం ఈ మూడింటినీ ఒకేసారి నేర్వలేదు. ఒకదాని తరువాత ఒకటి నేర్చుకొన్నది.

శ్రుతి పని తేలిక అనిపించవచ్చును. తంబురకు తీగలు నాలుగు. మధ్య రెండు తీగలు సెకనుకు 140 కంపనాలు చేసే షడ్జానికి కలిపితే, మొదటిది మంద్ర పంచమం కాబట్టి 105, చివరిది మంద్ర షడ్జం కాబట్టి 70 చేయవలెను. ఈ మూడు పౌనఃపున్యాలను విద్యుత్తుతో పుట్టించడం కష్టం కాదు. కాని అట్లు పుట్టించిన శుద్ధమైన స్వరం ఈల వలె ఉంటుందే గాని తంబుర వలె ఉండదు. తంబుర నాదంలో అసలు స్వరంతోబాటు దానికి రెండురెట్లు, మూడురెట్లు, నాలుగురెట్లు, అట్లే ఇంకా పైకి పోయే అతిస్వరాలు దండిగా ఉంటాయి. దీనికి కారణం తీగలు ఆనే గుర్రం వంపుగా, వెడల్పుగా ఉండటం, దానిపై తీగ కింద ఒక నూలుపోగు దూర్చడం. తీగను ఏ బిందువు దగ్గర మీటితే, ఆ బిందువు దగ్గర కదలిక లేని అతిస్వరాలు పుట్టవని పాఠ్యపుస్తకాలలో చదువుకొంటాం. తంబురలో ఆ నియమం చెల్లదని చూపినవారు సి. వి. రామన్. కంపించే తీగ ఆ వంపు గుర్రాన్ని మాటిమాటికి తాకుతూ, లేని అతిస్వరాలను కూడా పుట్టిస్తుందని ఆయన 1921లో ప్రకటించిన పరిశోధనలో వివరించారు. అంతకు ముందు సంవత్సరమే, శివకాళి కుమార్‌తో కలిసి, మృదంగం మూతమీది నల్లని లేపనం దాని అతిస్వరాలను ఎట్లు తీగవాద్యపు వరుసలోకి తెస్తుందో రాశారు. భౌతికశాస్త్రం చెప్పే ఉపాధ్యాయులు ఈ రెండు సంగతులనూ తరగతిలో వాడుకోవచ్చును. మన వాద్యాలను తయారుచేసినవారు సమీకరణాలు రాయలేదు గాని, వాటి ఫలితాలను చెవితో పట్టుకొన్నారు.

కాబట్టి తంబుర పెట్టె చేయదలచినవాడు స్వరాన్నే గాక ఈ అతిస్వరాల గుంపును కూడా పుట్టించవలెను. బెంగుళూరులో ఇంజనీరు, వేణువాద్యకారుడు అయిన జి. రాజ్ నారాయణ్ 1979లో అట్టి పెట్టెను రూపొందించారు. తరువాత వచ్చిన పెట్టెలలో అసలు తంబుర నాదాన్నే ముద్రించి, దానిని మళ్లీ మళ్లీ వినిపిస్తున్నారు.

రెండవ పని కాలం. అమెరికాలో 1959లో వర్లిట్జర్ సంస్థవారు సైడ్‌మాన్ అనే యంత్రం అమ్మకానికి పెట్టారు. అందులో మోటారుతో తిరిగే ఒక చేయి, పళ్లెం మీద అమర్చిన లోహపు మొనలను తాకుతూ పోయేది; తాకినప్పుడల్లా ఒక దెబ్బ వినిపించేది. ఇప్పటి పెట్టెలో తిరిగేది ఏదీ లేదు. స్ఫటికపు గడియారం ఉన్నది. మన చేతిగడియారంలోని స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. దీనిని పదిహేనుసార్లు రెండుతో భాగించి చూడండి. సరిగా 1 వచ్చును. అదే సెకను ముల్లును నడిపే స్పందన. తాళపు పెట్టె కూడా ఇట్లే వేగమైన కంపనాలను భాగించి తనకు కావలసిన లయను తెచ్చుకొంటుంది. ఆదితాళానికి ఎనిమిది అక్షరాలు. ఒక్కొక్కదానిని నాలుగుగా విడగొడితే ముప్పయిరెండు గళ్లు. ఏ గడిలో ఏ దెబ్బ పడవలెనో ఒక పట్టిక రాసి పెట్టెలో ఉంచుతారు. స్పందన ఒక్కొక్క గడిమీదుగా నడుస్తూ పోతుంది, ఆ గడికి రాసిన ధ్వని వినిపిస్తుంది. చాపుతాళం కావలెనంటే పట్టిక మార్చితే సరి.

ఇంతవరకు యంత్రం మనిషికంటె నయమే. ఎంతసేపైనా అలసిపోదు, కాలం జారదు. కాని మంచి గుణమే ఒక్కొక్కసారి చిక్కు తెచ్చును. నేను చూచిన ఒక హరికథలో ఉత్సవం జరిపేవారు, "తాళం పెట్టె ఉన్నదిగదా, మృదంగానికి వేరే డబ్బు ఎందుకు?" అనుకొన్నారు. కథ లంకలో సీత దుఃఖం దగ్గరకు వచ్చినది. దాసుగారు సహజంగా కాలాన్ని తగ్గించి, ఒక మాట దగ్గర ఆగి, గొంతు దించారు. పెట్టె ఆగలేదు. అది తన ఎనిమిది అక్షరాలూ లెక్క తప్పకుండా వాయిస్తూనే ఉన్నది. దాసుగారు చిడతలు చంకలో పెట్టుకొని, వంగి, స్వయంగా మీట నొక్కి ఆపి, మిగిలిన ఘట్టమంతా పక్కవాద్యం లేకుండానే చెప్పారు. సభలో ఒకరిద్దరు నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

హరికథలో తాళం కథకు లోబడి నడుస్తుంది. ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) ఏకకాలంలో అయిదు తాళాలు చూపేవారని ప్రసిద్ధి. అంతటి తాళజ్ఞానం ఉన్నవారికి కూడా కావలసినది తమను వినే పక్కవాద్యకారుడే. నెల్లూరులో హరికథలు చెప్పిన ఎస్. పి. సాంబమూర్తి కుమారుడే గాయకుడు ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యం (1946–2020). ఆయన పేరును 2020లో ప్రభుత్వం నెల్లూరు సంగీత నృత్య పాఠశాలకు పెట్టినది. హరికథ ఈ ప్రాంతంలో కేవలం కాలక్షేపం కాదు, సంగీతానికి ఒక బడి కూడా అని చెప్పడానికి ఈ సంగతి ఎత్తినాను.

ఇక మూడవ పని, వినడం. ఇక్కడనే గిటారు పెట్టె మనకు పనికివచ్చును. విద్యుత్ గిటారులో ఉక్కుతీగల కింద అయస్కాంతాలు, వాటి చుట్టూ రాగితీగ చుట్టలు ఉంటాయి. తీగ కంపించినప్పుడు చుట్టగుండా పోయే అయస్కాంత అభివాహం మారుతుంది; ఫారడే చెప్పిన ప్రకారం చుట్టలో విద్యుత్తు పుడుతుంది. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ (1969–2014) కర్ణాటక సంగీతం వాయించిన మాండొలిన్ కూడా విద్యుత్ వాద్యమే. ఆ విద్యుత్తును పెట్టె సెకనుకు వేలసార్లు కొలిచి అంకెలుగా మార్చుకొంటుంది. శబ్దఫలకాలకు వాడే లెక్క ప్రకారం సెకనుకు 44,100 కొలతలు. ఎనిమిది సెకనుల వాదనకు 3,52,800 అంకెలు. వాటిని దాచుకొని తిరిగి వినిపించడమే పని అయితే అది కేవలం ప్రతిధ్వని. అట్టి పెట్టెలు ముందునుంచీ ఉన్నవి.

2015లో డిజిటెక్ అనే అమెరికను సంస్థ ట్రయో అనే పెట్టెను తెచ్చినది. ఇది విన్నదానిని తిరిగి వల్లించి ఊరుకోదు. అందులోని స్వరాల కూర్పునూ నడకనూ గుర్తించి, వాటికి తగిన డ్రమ్ములనూ మంద్రస్వరాలనూ తానే కూర్చుతుంది. ఎట్లు? మూడు నాలుగు స్వరాలు ఒకేసారి మ్రోగించే కూర్పును గిటారువారు కార్డు అంటారు. షడ్జం, అంతరగాంధారం, పంచమం కలిపినది ఒక కార్డు. వాటి పౌనఃపున్యాలు ఇంచుమించు 4 : 5 : 6 నిష్పత్తిలో ఉంటాయి. కలగాపులగంగా వచ్చిన తరంగంలో ఏయే పౌనఃపున్యాలు ఎంతెంత ఉన్నవో విడదీయవచ్చునని ఫ్రెంచి గణితవేత్త ఫోరియర్ చూపాడు. ఉష్ణప్రసారంపై 1822లో వెలువడిన ఆయన గ్రంథం ఈ గణితానికి మూలం. కార్డులను గుర్తించే యంత్రాలలో సాధారణంగా వాడే మార్గం ఇది: విడదీసిన పౌనఃపున్యాలన్నిటినీ, అవి ఏ స్థాయిలోనివైనా సరే, పన్నెండు స్వరస్థానాల గళ్లలో వేయడం. ఏ మూడు గళ్లు బాగా నిండినవో చూస్తే కార్డు తెలిసిపోతుంది.

ఇక్కడ ప్రకృతి ఒక అడ్డు పెట్టినది. గిటారు లావుతీగను విడిగా మీటితే సెకనుకు 82.4 కంపనాలు, మొదటి మెట్టు నొక్కి మీటితే 87.3. తేడా సుమారు 5. అనేక స్వరాలు కలిసి మ్రోగుతుండగా, తేడా 5 ఉన్న రెండు పౌనఃపున్యాలను విడివిడిగా గుర్తించాలంటే, ఆ తరంగాన్ని కనీసం సెకనులో అయిదవ వంతు కాలం వినవలెను. అంతకన్న తక్కువ విన్నచో రెండూ ఒకటిగానే కనబడతాయి. ఇది తరంగాల స్వభావం. ఎంత వేగమైన కంప్యూటరు పెట్టినా తప్పదు. నిమిషానికి 120 దెబ్బల నడకలో ఒక దెబ్బకు అరసెకను. స్వరం మారిన తరువాత సెకనులో అయిదవ వంతు ఆలస్యంగా వచ్చే పక్కవాద్యాన్ని ఎవరు సహిస్తారు?

అందువల్లనే ఆ పెట్టె వాయించేవానిని ముందుగా ఒకసారి తన వరుస వినిపించమంటుంది. మొదట పాదంతో నొక్కి, వరుస వాయించి, మళ్లీ నొక్కవలెను. పెట్టె ఆ వరుసను నేర్చుకొని, రెండవ ఆవృత్తినుండి తోడు వాయిస్తుంది. అప్పుడు అది ఎదుటివానిని అనుసరించడం లేదు. ఇంతకు ముందు అతడు వాయించినదానిని అనుసరిస్తున్నది. రెండవసారి అతడు దారి మార్చితే పెట్టెకు తెలియదు.

మృదంగం వాయించే ఆయనకు కూడా చెవితో విని తేల్చుకొనేందుకు కొంత కాలం పట్టును. కాని ఆయన చెవి ఒక్కదానినే నమ్ముకోడు. దాసుగారి చిడతల చెయ్యి ఎంత ఎత్తు లేచినదో చూస్తాడు, ఊపిరి ఎక్కడ తీసుకొన్నారో గమనిస్తాడు. ఈ ఘట్టం దగ్గర ఆగుతారని ఇరవై కథల అనుభవం మీద ముందే ఎరుగును. దెబ్బ పడకముందే ఆయన చేయి సిద్ధమై ఉంటుంది. కెమెరాతో చేతి కదలికను చూచి కాలాన్ని ఊహించే యంత్రాలపై ప్రయోగాలు జరుగుతున్నవి గాని, మన రామాలయం దాకా అవి రాలేదు.

ఇట్లనడంవల్ల పెట్టెను కాదన్నట్లు కాదు. తీరగ్రామంలో వయొలిన్ నేర్చుకొనే పిల్లకు రోజూ మృదంగం వాయించిపెట్టేవారు ఎవరు? శ్రుతిపెట్టె, తాళపు పెట్టె ఆమెకు గొప్ప సహాయం. అక్టోబరు నుండి డిసెంబరు దాకా వాయుగుండాల కాలంలో కరెంటు పోతే మాత్రం పెట్టె మూగది. బ్యాటరీలు దగ్గర ఉంచుకోవలెను. నా అభ్యంతరమల్లా ఒకటే. సాధకుని గదిలో ఉండవలసిన పెట్టె వేదిక ఎక్కి, రాత్రి కథకు పిలుపు రావలసినవానిని ఇంట కూర్చోబెట్టడం.

ఉపాధ్యాయులు తరగతిలో చేయించదగిన చిన్న పరీక్ష ఒకటి ఉన్నది. ధ్వని పౌనఃపున్యం చూపే ఉచిత సాధనాలు ఇప్పుడు చరవాణులలో దొరుకుతున్నవి. ఊళ్లో మృదంగమో డప్పో ఉన్నవారిని అడిగి, మధ్యాహ్నం ఎండవేళ ఒకసారి, రాత్రి మంచు పడ్డాక ఒకసారి, అదే చోట అదే విధంగా మీటించి పౌనఃపున్యాలు రాసుకోండి. డప్పును మంటకు కాచిన తరువాత మరొకసారి కొలవండి. పక్కనే శ్రుతిపెట్టెను కూడా మ్రోగించి మూడు వేళలా దాని అంకెలు వేయండి. ఒక నిలువు వరుస మారుతుంది, ఒకటి మారదు. మారిన వరుసలో తేడాను వర్గమూల సూత్రంలో పెట్టి, తోలు బిగువు ఎంత మారినదో విద్యార్థులచేత లెక్క కట్టించండి.