ముప్పదియొక్క ఏండ్లకు అందిన ప్రథమస్థానం

తరగతిలో ప్రథముడెవరో తేల్చుట ఉపాధ్యాయునికి కష్టమైన పని కాదు. పిల్లలందరూ ఒకే దినమున, ఒకే గదిలో, ఒకే ప్రశ్నపత్రానికి సమాధానాలు వ్రాస్తారు. దిద్ది మార్కులు కూడితే వరుస దానంతట అదే తేలుతుంది. కాని ఒక విద్యార్థి పారిసులోను, మరొకడు మెల్బోర్నులోను, వేరొకడు న్యూయార్కులోను, వేర్వేరు నెలలలో వేర్వేరు పరీక్షలు వ్రాసినారనుకొనండి. ఒకడు ఏడాదిలో ఇరువది పరీక్షలకు కూర్చున్నాడు. ఇంకొకడు పదింటికే కూర్చున్నాడు. ఒకనికి సులభమైన ప్రశ్నలు వచ్చినవి, మరొకనికి కఠినమైనవి. ఇప్పుడు ప్రథముడెవరు?

టెన్నిసును వృత్తిగా స్వీకరించిన మహిళలలో ఎవరిది ఎన్నవ స్థానమో నిర్ణయించేవారికి ఎదురయ్యే చిక్కు ఇదే. ఈ లెక్కలో జరిగిన ఒక లోపం వల్ల ఒక క్రీడాకారిణికి న్యాయంగా రావలసిన ప్రథమస్థానం ముప్పదియొక్క సంవత్సరాలు ఆలస్యంగా వచ్చినది. ఆమె సంగతి చెప్పుటకు ముందు ఈ పట్టిక పుట్టుపూర్వోత్తరాలు కొంత తెలుసుకొనవలసి ఉన్నది.

మొదట పట్టికను తయారుచేసినది పత్రికా విలేఖరులు. లండనులోని డైలీ టెలిగ్రాఫు పత్రికకు టెన్నిసు విశేషాలు వ్రాసే వాలిస్ మయర్స్ అనునాయన 1921 నుండి ప్రపంచంలోని ఉత్తమ మహిళా క్రీడాకారిణుల వరుసను ప్రకటిస్తూ వచ్చినాడు. ఆ తొలి పట్టికలో ప్రథమస్థానం ఫ్రెంచి యువతి సుజాన్ లాంగ్లెన్‌ది. ఆ రోజులలో ఆమెను కాదని మరొకరిని పేర్కొనుటకు ఎవరికీ ధైర్యం ఉండేది కాదు గనుక అందులో వివాదం లేదు. కాని క్రింది స్థానాల సంగతి వేరు. అది తెలిసిన మనిషి అభిప్రాయమే గాని లెక్క కాదు. ఇద్దరు విలేఖరులు వ్రాస్తే రెండు వరుసలు వచ్చేవి. తనకు అన్యాయం జరిగినదని క్రీడాకారిణి ఎవరికి చెప్పుకొనగలదు? పోటీలకు ఎవరిని పిలువవలెనో కూడా చాలవరకు నిర్వాహకుల ఇష్టమే.

ఈ ఇష్టారాజ్యం మీద తిరుగుబాటు 1970లో వచ్చినది. ఆ ఏట లాస్ ఏంజిలీసు పోటీలో పురుషులలో విజేతకు 12,500 డాలర్లు, మహిళలలో విజేతకు 1,500 డాలర్లు బహుమతిగా ప్రకటించినారు. దీనిని సహింపలేక తొమ్మిదిమంది క్రీడాకారిణులు సెప్టెంబరు నెలలో హ్యూస్టన్ నగరంలో కలుసుకొని, గ్లాడిస్ హెల్డ్‌మన్ అను పత్రికాధిపురాలితో ఒక్కొక్క డాలరుకు ఒడంబడిక వ్రాసుకొని, తమ పోటీలు తామే వేరుగా నడపుకొనుటకు పూనుకొన్నారు. 1973 జూన్‌లో వింబుల్డన్ పోటీలకు ముందు లండనులో ఒక హోటలు గదిలో బిల్లీ జీన్ కింగ్ నాయకత్వాన మహిళా టెన్నిసు సంఘం ఏర్పడినది. నిర్ణయం జరిగేవరకు ఎవరూ బయటకు పోకుండా తలుపు తాళం వేయించినదట! ఆ సంఘమే 1975 నవంబరు 3వ తేదీన కంప్యూటరు సహాయంతో గణించిన తొలి పట్టికను వెలువరించినది. అందులో ప్రథమస్థానం అమెరికా యువతి క్రిస్ ఎవర్ట్‌ది.

అప్పటి పద్ధతి సగటు పద్ధతి. క్రీడాకారిణి ఆడిన పోటీలలో సంపాదించిన పాయింట్లను కూడి, ఆడిన పోటీల సంఖ్యతో భాగించేవారు. పట్టిక కూడ ఇప్పటివలె వారం వారం వచ్చేది కాదు, వీలునుబట్టి వచ్చేది. ఫలితాలు కాగితాల మీద చేరేవి. వాటిని ఎవరో ఒకరు యంత్రానికి అందించవలెను. యంత్రం తనకు ఇచ్చినదానిని తప్పు లేకుండా కూడుతుంది, భాగిస్తుంది. తనకు ఇవ్వని దానిని గురించి అడుగదు. జవాబుపత్రాల కట్ట ఒకటి బీరువాలో మిగిలిపోతే మార్కుల జాబితా ఎట్లుండునో ఉపాధ్యాయులకు వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక అసలు కథ. ఆస్ట్రేలియా దేశంలో న్యూ సౌత్ వేల్సు రాష్ట్రాన బారెలన్ అను చిన్న ఊరున్నది. గోధుమ పండే ప్రాంతం. ఆ ఊరిలో ఆదిమవాసుల కుటుంబం ఒక్కటే ఉండేది. తండ్రి గొర్రెల ఉన్ని కత్తిరించే పనివాడు. పని ఉన్నచోటికి పోయి రావలసినవాడు. ఎనమండుగురు పిల్లలలో మూడవది ఇవాన్ గూలగాంగ్. 1951లో జన్మించినది. ఊరి టెన్నిసు మైదానం కంచె వెలుపల నిలుచుండి లోపలివారి ఆట చూచే ఈ బాలికను ఊరివాడొకడు గమనించి లోపలికి పిలిచినాడు. ఆ పిలుపే లేకపోతే ఈ వ్యాసానికి విషయమే లేదు. ఆదిమవాసులకు అనేక స్థలాలలో ప్రవేశం లేని కాలమది. తరువాత సిడ్నీ నగరానికి చెందిన శిక్షకుడు విక్ ఎడ్వర్డ్స్ ఆమెను తన ఇంట ఉంచుకొని ఆట నేర్పించినాడు.

1971లో, ఇంకను పందొమ్మిదవ ఏట, ఆమె ఫ్రెంచి పోటీలోను వింబుల్డన్‌లోను గెలిచినది. వింబుల్డన్ తుదిపోటీలో ఆమె చేతిలో ఓడినది సామాన్యురాలు కాదు, మార్గరెట్ కోర్ట్. గూలగాంగ్ ఆటలో బలంకంటె ఒడుపు హెచ్చు. బంతిని వెంటాడినట్లుండదు, బంతియే ఆమె దగ్గరకు వచ్చినట్లుంటుంది. ఒక్కొక్కప్పుడు ఆట మధ్యలో ధ్యాస చెదరుట ఆమెకు అలవాటు. అమెరికా పోటీలో 1973 నుండి 1976 వరకు వరుసగా నాలుగుసార్లు తుదిపోటీకి వచ్చి నాలుగుసార్లూ ఓడినది. అందువలన ప్రజలు ఆమెను ప్రేమించినారు గాని, ప్రపంచంలో ప్రథమురాలు ఎవరని అడిగితే ఎవర్ట్ పేరే చెప్పేవారు. పట్టిక కూడ అట్లే చెప్పినది.

కాని 1976 వసంతంలో గూలగాంగ్ ఆట పతాకస్థాయిలో ఉన్నది. ఏప్రిల్‌లో లాస్ ఏంజిలీసులో జరిగిన వర్జీనియా స్లిమ్స్ ఛాంపియన్‌షిప్పు తుదిపోటీలో ఎవర్ట్‌నే ఓడించినది. నాటి ఫలితాలన్నీ లెక్కలోకి వచ్చి ఉంటే ఏప్రిల్ 26 నుండి రెండు వారాలపాటు ప్రథమస్థానం ఆమెదే కావలసి ఉన్నది. అన్నీ రాలేదు. అసంపూర్ణమైన సమాచారంతో లెక్క కట్టినారు. ఎవర్ట్ పేరే పైన నిలిచినది. ఎవరి దురుద్దేశమూ ఇందులో లేదు. ఎవరూ ఆక్షేపింపలేదు, గూలగాంగ్ కూడ. తనకు రావలసినది రాలేదని తెలిస్తే గదా ఆక్షేపించుట!

2007 డిసెంబరులో సంఘంవారు పాత కాగితాలు సరిచూచి ఈ లోపాన్ని ప్రకటించినారు. అప్పటికి ఆమె వయస్సు యాభై ఆరు. ఇద్దరు బిడ్డల తల్లి. రాకెట్టు పక్కన పెట్టి ఎన్నో ఏండ్లయినది. ఆ ప్రకటనతో ఒక విచిత్రం జరిగినది. గుర్తింపు పొందిన క్రమంలో ఆమె పదునారవ ప్రథమురాలు, కాలక్రమంలో రెండవది. అంతవరకు రెండవదిగా పేర్కొనబడుతున్న మార్టినా నవ్రతిలోవా మూడవది అయినది. ఆమె వెనుకనున్న వారందరూ ఒక్కొక్క మెట్టు దిగినారు. రెండు వారాలు ఎంతటి కాలమని కొందరనవచ్చును. స్టెఫీ గ్రాఫ్ మొత్తం 377 వారాలు ప్రథమస్థానంలో ఉన్నది గదా! కాని కంచె వెలుపలి నుండి వచ్చిన బాలికకు దక్కిన రెండు వారాలను 377తో పోల్చి కొలుచుట నాకు సరిగా తోచదు.

సగటు పద్ధతిలో మరొక దోషం కూడ ఉన్నది. సగటు బాగున్న క్రీడాకారిణి, ఓడితే సగటు పడిపోవునను భయంతో, ఆడకుండా ఊరకుండవచ్చును. అందుచేత 1997 నుండి కూడిక పద్ధతి వచ్చినది. గడచిన 52 వారాలలో సంపాదించిన పాయింట్లను కూడుతారు. ఎన్ని పోటీలు లెక్కలోకి తీసుకొనవలెనో దానికొక పరిమితి ఉన్నది. నాలుగు మహా పోటీలలో దేనినైనా గెలిస్తే 2,000 పాయింట్లు, తుదిపోటీలో ఓడితే 1,300, మొదటి ఆటలోనే ఓడితే 10. ఏడాది తిరిగేసరికి ఆ పాయింట్లు చెరిగిపోతాయి. 2023లో వింబుల్డన్ గెలిచిన చెకు యువతి మార్కెటా వోండ్రుషోవా మరుసటి ఏట మొదటి ఆటలోనే ఓడినది. 2,000 పోయి 10 మిగిలినవి. 2022లో వింబుల్డన్ నిర్వాహకులు రష్యా, బెలారుసు క్రీడాకారులను రానీయకపోవుటచే ఆ పోటీకి పాయింట్లే ఇయ్యలేదు. కజకిస్తాన్ పక్షాన ఆడిన ఎలీనా రిబాకినా గెలిచి కప్పు ఎత్తుకొన్నది, పట్టికలో సున్న వ్రాయించుకొన్నది.

కూడిక పద్ధతి తన చిక్కులు తాను తెచ్చినది. విరివిగా ఆడి, నిలకడగా గెలిచేవారికి ఇది అనుకూలం. మహా పోటీ ఒక్కటైనా గెలువకుండానే యెలీనా యాంకోవిచ్ 2008లోను, దినారా సఫీనా 2009లోను, కరొలీన్ వోజ్నియాకీ 2010లోను ప్రథమస్థానానికి వచ్చినారు. పత్రికలు వారిని ఎగతాళి చేసినవి. ఇది న్యాయం కాదు. త్రైమాసిక పరీక్షలన్నిటిలోను మంచి మార్కులు తెచ్చుకొన్న విద్యార్థిని, వార్షిక పరీక్షలో ఒకనాడు మెరిసిన విద్యార్థి ముందు నిలబెట్టి నవ్వుటవంటిది. వోజ్నియాకీ 2018లో ఆస్ట్రేలియా పోటీ గెలిచి ఆ నోళ్ళు మూయించినది.

మనము పైస్థానాన్ని గురించి ఇంత మాట్లాడుతాము గాని, పట్టిక జీవనాధారమైనది క్రింది వారికే. మహా పోటీలో ఆడేవారు 128 మంది. సుమారు నూరవ స్థానం లోపలివారికి నేరుగా ప్రవేశం. ఆవలివారిలో అధికులు ముందుగా అర్హత పోటీలు ఆడి గెలిచి రావలెను. 2024 వింబుల్డన్‌లో మొదటి ఆటలో ఓడినవారికి సైతం 60,000 పౌన్లు ముట్టినవి. 95వ స్థానానికి 125వ స్థానానికి గల దూరం, ఒకటికి రెండుకు గల దూరంకంటె పెద్దది. శిక్షకుని జీతం, విమానపు ఛార్జీలు, మరుసటి ఏడు ఆట సాగుటయో మానుటయో అక్కడ తేలుతుంది.

ఈ అంకె కోసం రక్తం కూడ చిందినది. 1993 ఏప్రిల్ 30న హాంబర్గులో మోనికా సెలెష్ ఆట విరామంలో కూర్చుండగా గ్రాఫ్ అభిమాని ఒకడు వెనుకనుండి వచ్చి కత్తితో పొడిచినాడు. గ్రాఫ్ మరల ప్రథమస్థానానికి రావలెనని వాని కోరిక. సెలెష్‌కు అప్పటికి పందొమ్మిదేండ్లు. ఎనిమిది మహా పోటీలు గెలిచి ఉన్నది. ఆమె కోలుకొనువరకు ఆమె స్థానాన్ని అట్లే నిలిపి ఉంచుదుమా అను ప్రశ్న తోటి క్రీడాకారిణుల ముందుకు వచ్చినది. వారు ఒప్పుకొనలేదు, గాబ్రియేలా సబాటినీ ఒక్కతె వారితో చేతులు కలుపలేదు. జూన్‌లో గ్రాఫ్ పేరు పైకి వచ్చినది. పొడిచినవాడు కోరినదంతా పట్టిక యథావిధిగా నెరవేర్చినది. 1995 ఆగస్టులో సెలెష్ తిరిగి వచ్చినప్పుడు గ్రాఫ్‌తో సమానంగా ప్రథమస్థానం ఇచ్చినారు. ఆలస్యమైనను ఆ పని మంచిదే.

తల్లులైనవారి విషయంలో కూడ పట్టిక చాలకాలం కఠినంగానే ఉన్నది. గూలగాంగ్ 1977లో కుమార్తెను కని, మరల వచ్చి, 1980లో వింబుల్డన్ గెలిచినది. 1914 తరువాత ఒక తల్లి అక్కడ గెలుచుట అదే మొదలు. సెరీనా విలియమ్స్ 2017లో బిడ్డను కని 2018 ఫ్రెంచి పోటీకి వచ్చేసరికి ఆమె స్థానం 451. అక్కడ ఆమెను సీడు చేయలేదు. ఈ ఉదంతంపై చర్చ చెలరేగిన పిదప, ఆ ఏడాది చివర సంఘం నిబంధనలు మార్చి, ప్రసవానంతరం తిరిగి వచ్చేవారు తమ పూర్వస్థానంతో పోటీలలో ప్రవేశించే అవకాశాన్ని మూడేండ్ల వరకు విస్తరించినది. మన హైదరాబాదు ఆడపడుచు సానియా మీర్జా కూడ తల్లి అయిన తరువాత 2020లో హోబార్టులో జంట పోటీ గెలిచినది. ఒంటరి ఆటలో ఆమె అందుకొన్న ఉత్తమ స్థానం 27, అది 2007లో. జంట ఆటలో 2015 ఏప్రిల్ 13న ప్రథమస్థానానికి చేరి, మొత్తం 91 వారాలు అక్కడ నిలిచినది. భారతీయ మహిళలలో ఆ స్థానం చూచినవారిలో ఆమెయే మొదటిది.

2019 జూన్‌లో ఆష్లీ బార్టీ ప్రథమస్థానానికి వచ్చినది. తండ్రి వైపున ఆమెది కూడ ఆదిమవాసుల వంశమే. గూలగాంగ్ తరువాత ఈ స్థానానికి వచ్చిన రెండవ ఆస్ట్రేలియా మహిళ అని ఆమెను పేర్కొన్నారు. 2007లో ఆ లెక్క సరిచూడకపోయి ఉంటే మొదటి మహిళ అనియే వ్రాసి ఉండేవారు. గూలగాంగ్ తొలి విజయానికి సరిగా యాభై ఏండ్లకు, 2021లో, నాటి ఆమె దుస్తుల అంచును పోలిన అంచుగల దుస్తులు ధరించి బార్టీ వింబుల్డన్ గెలిచినది. 2022 మార్చిలో, ఇంకను ఇరువదియైదవ ఏట, ప్రథమస్థానంలో ఉండగానే ఆట మానుకొన్నది. పట్టికలో నుండి తన పేరు తీసివేయవలసినదిగా తానే కోరినది. ఏప్రిల్ 4వ తేదీన వచ్చిన పట్టికలో మొదటి పేరు పోలెండు యువతి ఇగా స్వియాటెక్‌ది.